పెండ్లి నల్లా

మానేరుపేట, కరీంనగర్ జిల్లా
18 మార్చి 1986

అక్కా,

ఇంట్లో అందరూ బాగున్నారు. ఊళ్లో నీళ్లే బాగాలేవు.

రెండేళ్లుగా వానలు సరిగా లేక మానేరులో ఇసుక తప్ప ఏమీ కనిపించడం లేదు. మునిసిపాలిటీ నల్లా రోజు విడిచి రోజు వస్తోంది, అదీ గంటసేపు. ఇట్లా వదిలేస్తే మే నెల గడవదని పట్టణ పెద్దలంతా కూర్చుని నీటి పొదుపు కమిటీ వేశారు. అధ్యక్షుడు ఎవరనుకున్నావు, మన బాపు. జనార్దన్ లాడ్జి యజమాని కదా, వ్యాపారుల తరఫున ఆయన్నే నిలబెట్టారు. ఇండ్లు, హోటళ్లు, లాడ్జీలు, రైసు మిల్లులు, అందరూ వాడకం సగానికి తగ్గించాలని తీర్మానం.

బాపుతో నాకు ఏ విషయంలోనూ పడదని నీకు తెలుసు. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఆయన పక్కన నిలబడ్డాను. నీళ్లకు కులం లేదు, పార్టీ లేదు. ఇంటింటికీ తిరిగి చెప్పే పని నేనే తీసుకున్నాను. కరపత్రం కూడా నేనే రాశాను, ఒకటి ఇందులో పెడుతున్నాను. చివర పేరు చూడు. రావు తీసేశాను. మనిషికి పేరు చాలు, తోక ఎందుకు.

అందులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేయించిన మాట, "నిన్నటి నీళ్లు పారబోయడం నేరం." నల్లా రాగానే మన ఆడవాళ్లు మొదట చేసే పని ఏమిటి? నిన్న పట్టిన నీళ్లు పాచివని మోరీలో గుమ్మరించి, బిందెలు తోమి, మళ్లీ కొత్తవి పట్టడం. మూత పెట్టిన నీళ్లు ఒక్క రాత్రికే చెడిపోతాయని ఏ శాస్త్రం చెప్పింది? ఊరి దాహమంతా ఆ మోరీల్లో పోతోంది.

ముందు కుంటగడ్డకే పోయాను. బీడీలు చేసుకునే వాడ, నీకు తెలుసుగా. వాడంతటికీ మూడు వీధి నల్లాలు. ఆడవాళ్లందరినీ పిలిచి, అరుగెక్కి, ఈ నేరం సంగతి అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. యాదవ్వ అని ఒకామె చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు.

"నిన్నటి నీళ్లా దొరా? ఏడున్నయి పారబొయ్యతందుకు? నాకు జర చూపెట్టు, నువ్వు చెప్పినట్టె ఇంటా."

"నన్ను దొర అనొద్దు" అన్నాను.

"సరే దొరా, ఇగ అన" అంది.

అందరూ నవ్వారు. ఎంత పొగరో చూడు. వాళ్ల మేలు కోరి చెబుతుంటే వాళ్లకే వేళాకోళం. చైతన్యం లేని చోట నవ్వు ముందు పుడుతుంది. నేను వదలను. ఇంకో వేయి కాపీలు వేయిస్తున్నాను.

రఘోత్తం

⁂

భైంసా
30 మార్చి 1986

తమ్మీ,

నీ కరపత్రాన్ని మా అత్తయ్య జానకీబాయి నాతో పైకి చదివించుకుని, "ఈ రఘోత్తం ఎవరు, మీ రఘోత్తంరావుకు చుట్టమా" అని అడిగింది. మీ బావ విని, "అన్నీ సగానికి తగ్గించాలన్నారు కదా, పేరుతో మొదలుపెట్టాడు" అన్నారు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. మాకూ చైతన్యం లేదని రాసుకో.

ఇప్పుడు నవ్వు లేకుండా ఒక మాట. నిన్నటి నీళ్లు పారబోసేది ఎవరు? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకో. మన ఇంట్లో పొద్దున్నే పనిమనిషి బుచ్చిరాములు వచ్చి, అమ్మ మడికి పనికిరావని గంగాళాలన్నీ మోరీలో గుమ్మరించేవాడు. ఆ మోరీలో నువ్వు కాగితం పడవలు వదిలేవాడివి. నువ్వు చూసిన ఆడవాళ్లు మన అమ్మ, మన పెద్దమ్మ, నేను. ఊరంతా మాలాగే ఉంటుందనుకుని కరపత్రం అచ్చేయించావు.

రోజు విడిచి రోజు గంటసేపు వచ్చే నల్లా కాడ, అంత మందిలో తోసుకుని ఒకటో రెండో బిందెలు పట్టుకున్న మనిషి ఇంట్లో తెల్లవారేసరికి ఏం మిగులుతుంది? యాదవ్వ నిన్ను ఎగతాళి చేయలేదు నాయనా. ఉంటే చూపించమని నిజంగానే అడిగింది.

ఇక్కడ నేను పారబోయడం మానేశాను. అత్తయ్య కొన్నాళ్లు నా చేతి నీళ్లు ముట్టలేదు. ఒకరోజు ఎండలో బజారుకు పోయి వచ్చింది, దాహమైంది, తాగింది. ఆ తర్వాత దాని మాట ఎత్తలేదు. అంటే నీ కరపత్రం పనికొచ్చేదే. నువ్వు పంచవలసిన గడపలు వేరు.

ఇంకొకటి. సగానికి తగ్గించాలన్న తీర్మానం లాడ్జిలో ఎట్లా అమలవుతోందో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అధ్యక్షుడి గడపకు ఒక కాగితం అతికించావా, లేక అక్కడ చైతన్యం పుట్టుకతోనే ఉందా?

అక్క

⁂

మానేరుపేట
14 ఏప్రిల్ 1986

అక్కా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్లీ ముక్కలు ఏరుకుని పక్కపక్కన పెట్టి చదివాను. నువ్వు రాసింది నిజం. నిజమైనందుకే ఒళ్లు మండింది.

మరునాడు అమ్మ పూజలో ఉండగా ఇత్తడి బిందె తీసుకుని కుంటగడ్డ నల్లా కాడికి పోయి వరుసలో నిలబడ్డాను. "దొరోరి బిందె పెద్దగున్నది, జర ఎన్కకు పో" అంది యాదవ్వ. పోయాను. గంట గడిచింది. నా వంతు వచ్చేసరికి నల్లా గురగురమని గొంతు సవరించుకుని ఆగిపోయింది. బిందెలో గుక్కెడు. వెనక నుంచి ఎవరో, "ఇప్పుడు గవ్వి రేపటిదాక దాసిపెట్టి పారబొయ్యి దొరా, సూద్దాం" అన్నారు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. కమిటీ సమావేశంలో బాపు నా కరపత్రాన్ని అందరికీ కనిపించేట్టు పైకెత్తాడు.

"మా పిల్లగాడే రాసిండు. నీళ్లు యాడ పోతున్నయో చదువుకున్నోనికి ఎరుక. వీధి నల్లాల కాడ పోతున్నయి. నిన్నటియి పారబోసుడు, కొత్తయి పట్టుడు. గీ దుబారా బంద్ కావాలె."

నా అక్షరాలతోనే తీర్మానం రాశారు. మే ఒకటి నుంచి కుంటగడ్డ మూడు నల్లాలూ బంద్. హోటళ్లు, లాడ్జీలు మాత్రం తమంతట తామే తగ్గించుకుంటాయట. నేను లేచి, "అది తప్పు రాశాను, వాపసు తీసుకుంటున్నాను" అన్నాను.

"అచ్చయినంక వాపసేంది? కూసో" అన్నాడు బాపు.

ఆ హాలులో అందరూ కూర్చుని నవ్వుతుంటే నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను. అక్కా, నేను చదివిన పుస్తకాల్లో దోపిడీదారు ఎప్పుడూ వేరే ఎవరో. ఆయన నా రాతనే కొడవలి చేసుకుని కోస్తాడని ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ నల్లాలు పోకుండా ఆపాలి. ఇప్పుడు నాకున్న పని అదొక్కటే.

నీ రెండో ప్రశ్నకు జవాబు. లాడ్జి మేడమీది ట్యాంకి నల్లా రాని రోజు కూడా నిండి కారుతోంది. బాపును అడిగితే "బోరు ఉన్నది" అన్నాడు. దొడ్డి మూలమూలా తిరిగాను, బోరు లేదు. ఊళ్లో వాల్వులు తిప్పే భూమన్నను సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపాను.

"నాకేం ఎరుక దొరా. గది పెండ్లి నల్లా. మా వాల్వు కిందికి రాదు. నన్నిడువు" అన్నాడు. వదిలించుకుని పోయాడు.

పెండ్లి నల్లా ఏమిటి? ఎవరి పెండ్లి? నాకు ఊహ తెలిసిన తర్వాత మన ఇంట్లో జరిగింది నీ పెండ్లి ఒక్కటే. నీకు తెలియకుండా ఉండదు. వెంటనే రాయి.

రఘోత్తం

⁂

భైంసా
25 ఏప్రిల్ 1986

తమ్మీ,

మామిడికాయ తొక్కు పెట్టాను. నిర్మల్ దాకా వస్తున్న మనిషితో పంపుతున్నాను, అక్కడి నుంచి మన ఊరి బస్సులో వేస్తాడు. జాడీ వాలిపోకుండా చూసుకో. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పిల్లలకు బడి లేదు, ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు.

జూన్ నెలాఖరుకు బాపు భైంసా వస్తానని రాశాడు. మీ బావకూ అన్నదమ్ములకూ జిన్నింగు మిల్లు పంపకం ఇంకా తెగలేదు. మీ బావ నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బాపు వచ్చి పెద్దమనిషిగా కూర్చుంటేనే మా మాట నిలుస్తుంది. ఆయనకు బీపీ ఉంది. ఎదురు మాట్లాడకు. ఈ రెండు నెలలు నోరు కట్టుకుంటే నీ సొమ్మేం పోదు. కుదిరితే నువ్వే కొన్నాళ్లు ఇక్కడికి రా.

పెండ్లి నల్లా సంగతి నాకేం తెలియదు. పెండ్లికూతురికి తలంబ్రాలు తప్ప ఏం కనిపిస్తాయి.

అక్క

⁂

కుంటగడ్డ, మానేరుపేట
12 మే 1986

అక్కా,

తొక్కు అందింది. అందులో ఉప్పుంది. నీ ఉత్తరంలో లేదు.

మూడు నల్లాల మూతులకూ కట్టె బిరడాలు కొట్టారు. కొట్టిన నాడు నేను అడ్డం నిలబడితే ఇద్దరు మనుషులు నన్ను ఎత్తి పక్కన పెట్టారు, బస్తాను పెట్టినట్టు. ఇప్పుడు కుంటగడ్డ ఆడవాళ్లు మానేరుకు పోతున్నారు. ఇసుకలో చెలిమె తోడి, ఊట ఊరేదాకా గడ్డమీద కూర్చుని, గిన్నెతో కొంచెం కొంచెం ముంచి బిందె నింపుకోవాలి. ఒక్క బిందెకు సగం పూట. ఆ సగం పూట బీడీలు లేవు. బీడీలు లేని రోజు కార్ఖానావాడు మరునాడు ఆకు తక్కువ ఇస్తాడు. నీళ్లు పొదుపు చేయడమంటే ఇదేనా? మన నీళ్లకోసం వీళ్ల పొద్దును ఖర్చు చేస్తున్నాం.

లాడ్జి ట్యాంకి నుంచి కారే నీళ్లు వెనక మోరీలో పోతుంటే కొందరు బిందెలు పట్టబోయారు. కాపలా మనిషి కట్టె తీసుకుని తరిమాడు. గలీజు చేస్తున్నారట. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అడిగాను. "ఎవరి పెండ్లి నీళ్లు తాగుతోంది మన లాడ్జి" అని.

బాపు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "ఈ ఇంట్ల తినుకుంట ఈ ఇంటినే అడుగుతున్నవా? తిన్నది కక్కి అడుగు."

లేచి వచ్చేశాను. అమ్మ వాకిలి దాకా వచ్చి నిలబడింది, పిలవలేదు. ఇప్పుడు ఉంటున్నది యాదవ్వ ఇంటి అరుగు మీద. నా రెండో కరపత్రాన్ని ప్రెస్సువాడు చదివి చేతిలో పెట్టేశాడు. "మీ బాపువి లాడ్జి రసీదులన్ని మా తాననే అచ్చయితయి, నన్ను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. ఎర్రమట్టి జాజు కలిపి గోడల మీద రాశాను. యాదవ్వ నిలబడి చూసి, "రాత మంచిగనే ఉన్నది గని, గోడ సదివితె గొంతు తడుత్తదా" అంది. రాయడం మాత్రం ఆపలేదు.

నీకు తెలుసు. తలంబ్రాల మాటున దాక్కోకు. నువ్వు కాపాడుతున్నది ఎవరిని, బాపునా, మీ జిన్నింగు మిల్లునా? నువ్వు ఈ నీళ్లకోసం కొట్లాడేవాళ్లతో ఉన్నావా లేవా, ఒక్క మాట రాయి. లేవంటే ఇక తొక్కులు కూడా పంపకు.

రఘోత్తం

⁂

భైంసా
24 మే 1986

తమ్మీ,

నీ ఉత్తరానికి కోపం రాలేదని రాయను. వచ్చింది. మిల్లు పంపకం నీకు ఒక మాట, మాకు నలుగురి బతుకు. అది తెలియకుండా గోడల మీద రాయడం సులువు.

అయినా చెబుతాను. నువ్వు తిట్టినందుకు కాదు. గిన్నెతో ముంచి బిందె నింపడమని రాశావే, అది చదివిన దగ్గర్నుంచి నల్లా కింద చెయ్యి పెట్టలేకపోతున్నాను.

ఎనిమిదేళ్ల కిందట, నా పెండ్లికి. నీకప్పుడు పదమూడేళ్లు, బ్యాండు వాళ్ల వెనక తిరుగుతున్నావు. ఊరంతటికీ భోజనాలు, నీళ్లు చాలవు. మన ఇంటి నల్లా బాపు పేరు మీద ఉంది, ఒక మనిషికి ఒకటే నల్లా అన్నది రూలు. అందుకని పెండ్లి పది రోజులకు ఇంకో నల్లా నా పేరు మీద ఇప్పించారు. నాతోనే దస్కతు పెట్టించారు. చేతులకు పసుపుంది, కాగితానికి అంటింది, బాపు నవ్వి "మంచి శకునమే" అన్నాడు. ఆ పైపును ఊరి పెద్ద ట్యాంకి నుంచి వచ్చే మెయిన్‌కే కలిపారు, వాల్వుకు ముందర. అందుకే భూమన్న ఊరంతా కట్టేసినా అది ఆగదు.

పెండ్లయింది, పందిరి పీకారు. పైపు పీకలేదు. మీద షాబాదు బండలు పరిచారు. మరుసటి ఏడు పెద్దవాడి పురుటికి వచ్చేసరికి పందిరి వేసిన చోట లాడ్జి గోడలు లేస్తున్నాయి. "ఇంకా తీయలేదా బాపూ" అని అడిగాను. "నీ పెండ్లి నల్లా బిడ్డా, నీ గుర్తుగ ఉండనీ" అన్నాడు. నిజం చెప్పనా, నాకు సంతోషమైంది. పుట్టింట్లో నా పేరు మీద ఒక్క గదీ లేదు, ఒక్క చెట్టూ లేదు. నల్లా అయినా ఉందనుకున్నాను.

ఆ గుర్తు ఇప్పుడు కుంటగడ్డ గొంతు మీద ఉంది. నాకు అట్లాంటి గుర్తు అక్కరలేదు.

మీ బావకు చెప్పాను. "మరి పంపకం?" అన్నారు. "మీ అన్నదమ్ములతో మాట్లాడడానికి మా బాపు నోరు ఎందుకు, మీకు లేదా" అన్నాను. ఆయన లేచి మిల్లుకు వెళ్లిపోయారు. ఇంతవరకు అవునని అనలేదు, కాదని అనలేదు. నేను ఆగలేదు.

ఆ నల్లా బాపుది కాదు, లాడ్జిది కాదు. నా పేరు మీద ఉంది. బంద్ చేయమనే హక్కు నాది. కమిషనరు గారికి రిజిస్టరు పోస్టులో దరఖాస్తు పంపాను, నకలు ఇందులో ఉంది. కమిటీ కూర్చునే నాడు కుంటగడ్డ వాళ్లను తీసుకుని పోయి హాలులో కూర్చో. నువ్వు ఉపన్యాసం ఇవ్వకు. చదివేవాడిని చదవనీ.

నువ్వడిగిన ఒక్క మాట: ఉన్నాను.

అక్క

⁂

మానేరుపేట మునిసిపల్ కమిషనర్ గారికి, భైంసా వాస్తవ్యురాలు, రాజేశ్వర్‌రావు భార్య ప్రమోదిని సమర్పించుకునే దరఖాస్తు.

అయ్యా,

1978 మే నెలలో నా వివాహం నిమిత్తం పది రోజుల కొరకు నా పేరున ఒక తాత్కాలిక నల్లా మంజూరు చేసి ఉన్నారు. సదరు వివాహం జరిగిపోయినది. అప్పగింతలు కూడా అయినవి. నాకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు, పెద్దవాడు రెండవ తరగతి. పెండ్లికి వచ్చిన చుట్టాలు ఎవరి ఊళ్లకు వారు చేరుకున్నారు. అయినప్పటికీ సదరు నల్లా నేటికీ నడుస్తున్నది.

పట్టణంలో నీటి పొదుపు జరుగుచున్నదని తెలిసినది. నా వంతు పొదుపుగా, నా పెండ్లి నల్లాను వెంటనే బంద్ చేయవలసినదిగాను, ఆ నీళ్లను కుంటగడ్డ వీధి నల్లాలకు వదలవలసినదిగాను కోరుచున్నాను. అది జనార్దన్ లాడ్జి ఆవరణలో తూర్పు గోడ వెంబడి షాబాదు బండల కింద ఉన్నది. నల్లా నా పేరున ఉన్నందున నా సమ్మతి చాలును. వేరెవరినీ అడగనక్కరలేదు.

ప్రమోదిని

⁂

కుంటగడ్డ, మానేరుపేట
16 జూన్ 1986

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఉపన్యాసం ఇవ్వలేదు. నోరు కట్టుకుని కూర్చున్నాను. కమిటీ హాలు వెనక సగం కుంటగడ్డ ఆడవాళ్లే. బాపు అధ్యక్షుడి కుర్చీలో ఉన్నాడు. కమిషనరు గారు "ఒక దరఖాస్తు వచ్చింది" అని గుమాస్తాకు ఇచ్చి చదవమన్నారు.

గుమాస్తా మామూలు గొంతుతో మొదలుపెట్టాడు. "సదరు వివాహం జరిగిపోయినది" దగ్గర ఒకసారి ఆగి బాపు మొహం చూశాడు. "అప్పగింతలు కూడా అయినవి" దగ్గర ముందు వరుసలో హోటలాయన దగ్గుతున్నట్టు నోటికి రుమాలు పెట్టుకున్నాడు. చుట్టాలు ఊళ్లకు చేరుకున్న సంగతి వచ్చేసరికి హాలంతా నవ్వు. అప్పుడు యాదవ్వ లేచింది.

"పెండ్లయి ఎనిమిదేండ్లాయె. ఇంక ఆఖరి బంతి లేత్తలేదా దొరా? మేం ఎప్పుడు కూసోవాలె?"

ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు.

"నా బిడ్డ రాయలే గది" అన్నాడు బాపు. కమిషనరు గారు కాగితం ఆయన ముందు పెట్టారు. నీ అక్షరాలు ఆయన దిద్దబెట్టినవే కదా. చూశాడు. కాగితం తిప్పి పెట్టాడు. రేపే పైపు బంద్ చేయమని కమిషనరు గారు అక్కడే రాసి ఇచ్చారు.

మరునాడు పొద్దున్నే భూమన్న గడ్డపార పట్టుకుని కూలీలతో పోయేసరికి, బాపు ఆ బండల మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరు కదిలిస్తారు? భూమన్న గడ్డపార వీపు వెనక దాచుకున్నాడు. నాకు పోయి ఆ కుర్చీ లాగేయాలనిపించింది. రెండడుగులు వేశాను కూడా. యాదవ్వ నా రెట్ట పట్టుకుంది.

"ఆగు పిలగా. కూసోనీ. మాకు చెలిమె కాడ కూసుండి అలవాటే."

అక్కా, ఆమె నన్ను దొర అనలేదని అప్పుడు గమనించలేదు.

బిందెలు ముందర పెట్టుకుని అందరూ ఆ బండల చుట్టూ కూర్చున్నారు. బీడీల చేటలు కూడా తెచ్చుకున్నారు. ఆకు కత్తిరించుకుంటూ, దారం చుట్టుకుంటూ, ఇంటి ముచ్చట్లు చెప్పుకుంటూ. ఎవరూ నినాదం ఇవ్వలేదు. నేను రాసి పెట్టుకున్నవి జేబులోనే ఉండిపోయాయి. ఎండ ముదిరింది. లాడ్జిలో దిగినవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. బాపుకు చెమటలు పట్టాయి. లోపల నుంచి మనిషి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. బాపు చెంబు ఎత్తాడు.

"తాగు దొరా" అంది యాదవ్వ. "బిడ్డ పెండ్లి నీళ్లు. తియ్యగుంటయి."

మెల్లగానే అంది. బాపు చెంబు దించాడు. పక్కన పెట్టాడు. లేచి, కుర్చీ తానే మడిచి చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆయన పశ్చాత్తాపపడ్డాడని నేను రాయను. అట్లాంటిదేమీ ఆయన మొహంలో లేదు. ఇంతమంది చూస్తుండగా ఆ నీళ్లు తాగలేకపోయాడు, అంతే. నాకు అంత చాలు.

బండలు లేపారు, పైపు కోసి మూత బిగించారు. సాయంత్రానికి కుంటగడ్డ బిరడాలు పీకారు. రెండు నల్లాలు ధారగా వస్తున్నాయి, మూడోది సన్నగా. లాడ్జిలో పైఅంతస్తు గదులు మూసేశారు, కింది గదులకు మనిషికి రెండు బకీట్లు. కమిటీ ఇంకా ఉంది. కొత్త అధ్యక్షుడు రైసు మిల్లాయన. ఆయన మిల్లు వెనక ఏ పైపు ఏ పెండ్లికి వేసిందో చూడాలి. ఈసారి ముందు చూసి తర్వాత రాస్తాను.

నీకు ఒకటి చెప్పక తప్పదు. నా బట్టలకోసం ఇంటికి పోతే బాపు గడప లోపల నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు. "మీ అక్కకు రాయి. పెండ్లయిపోయిందని అదే దరఖాస్తు పెట్టుకున్నది గద. ఇగ ఈ ఇంటికి దానికి ఏం లేదు. పంపకానికి నేను రాను."

అమ్మ వెనక నుంచి నా సంచిలో ఏదో కుక్కింది. అరుగు మీదికి వచ్చి చూస్తే నీ చిన్నప్పటి పరికిణీ, నీ బిడ్డకని.

నా మూలంగా నీ పని చెడింది. తిట్టదలిస్తే తిట్టు. జరిగినదానికి మాత్రం నేను విచారించడం లేదు, నువ్వూ విచారించకు.

రఘోత్తం

⁂

భైంసా
2 జూలై 1986

బాపూ,

మీకు నేరుగా రాస్తున్నాను. తమ్ముడి ద్వారా కబురు పంపారు. నేను కబురు పంపను.

మొన్న పంపకానికి అందరూ కూర్చున్నారు. మా పెద్దబావగారు వాకిలి వైపు చూసి, "మీ బాపు రాలేదేం" అన్నారు. "రారు" అన్నాను. మీ అల్లుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు, సగంలో ఆగారు. మిగతా సగం నేను మాట్లాడాను. అత్తయ్య లోపలికి రమ్మని సైగ చేసింది, పోలేదు. మీరు వచ్చి ఉంటే మాకు రోడ్డు వైపు షెడ్డు వచ్చేదేమో. వెనకది వచ్చింది. అందులోనే పని మొదలుపెడుతున్నాం. ఇది మీకు నొప్పి కలగాలని రాయడం లేదు. మీరు లేకపోతే మేం నిలవలేమనుకున్నాను. నిలిచాం.

నా దరఖాస్తులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి. పెండ్లి అయింది. చుట్టాలు వెళ్లారు. నల్లా నా పేరు మీద ఉంది. మీకు కోపం నలుగురూ నవ్వినందుకు. నాకు కోపం, నా పేరు చెప్పి మీరు ఎనిమిదేళ్లు నీళ్లు తోడుకున్నందుకు. మీ కోపం కంటే నాది చిన్నదేమీ కాదు.

ఈ ఇంటికీ దానికీ ఏం లేదన్నారట. నేను బంద్ చేయమని రాసింది నల్లాను, పుట్టింటిని కాదు. అది కూడా బంద్ కావాలంటే ఆ దరఖాస్తు మీరే పెట్టుకోవాలి, మీ దస్కతుతో. అది నాకు అందేదాకా నేను మీ బిడ్డనే. ఆదివారం పిల్లలను తీసుకుని నిర్మల్ బస్సుకు వస్తున్నాను.

ప్రమోదిని